ఊడ్చిపెట్టిన ఇల్లు

ధ్యానానికి వాక్యభాగాలు: లూకా 11:24-26, మార్కు 8:22-26

 

పోయిన ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లిపోతుంటే ఒక చెల్లెలు గుమ్మం దగ్గర నా కోసం ఆగింది. ఆమె భర్త మందు మాన్పించే ఆస్పత్రిలో 21 రోజులుండి ముందురోజే ఇంటికి వచ్చాడు. ఆమె చేతిలో ఆస్పత్రి చీటీ, మాత్రల కవరు ఉన్నాయి. "అయ్యగారూ, ఇగ మంచిగైనట్టేనా?" అని అడిగింది.

పన్నెండు పదమూడేళ్ల కింద అయితే "దేవునికి స్తోత్రం, మంచిగైనట్టే" అని వెంటనే అనేవాణ్ని. ఈసారి అట్లా అనలేకపోయాను. "ఇంటికి వస్త చెల్లె, కూసొని మాట్లాడుకుందాం" అన్నాను. ఆమె ముఖంలో కొంచెం భయం కనిపించింది. ఎందుకు వెంటనే జవాబు చెప్పలేదో ఆమెకూ మీకూ చెప్పాలి. అందులో నా తప్పు కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి ఈ ధ్యానం రాయలేను.

2012లో మన సంఘంలో ఒక సహోదరుడు ఉండేవాడు. ఇప్పుడూ ఉన్నాడు, అందుకే పేరు రాయను. ఇది రాయడానికి ఆయన, ఆయన భార్య ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆయన గల్ఫ్ నుంచి తిరిగొచ్చాక తాగుడు పెరిగింది. మొదట దావత్‌లకే, తర్వాత రోజుకు ఒక క్వార్టర్, ఆ తర్వాత పొద్దున లేవగానే చేతులు వణికితే బెల్టు షాపు తలుపు కొట్టేదాకా పోయింది. భార్య బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. పుస్తెలతాడు కుదవపెట్టి ఆయన్ని ఆస్పత్రిలో చేర్పించింది. మూడు వారాల తర్వాత ఆయన మంచి బట్టలు వేసుకుని, గడ్డం గీసుకుని మందిరానికి వచ్చినప్పుడు మేమంతా ఏడ్చాం.

ఆ క్రిస్మస్‌కు నేను ఆయన్ని వేదిక మీద నిలబెట్టాను. పక్క ఊళ్ల నుంచి కూడా జనం వచ్చారు. సాక్ష్యం చెప్పించాను. చప్పట్లు కొట్టించాను. అంతటితో ఊరుకోలేదు. ఆయన జేబులో మాత్రలు చూసి, "ప్రభువు ముట్టిన తర్వాత ఇవెందుకు తమ్ముడూ?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. కానీ కాపరి నవ్వుతూ అన్న మాట కూడా విశ్వాసికి ఆజ్ఞలాగే వినిపిస్తుంది. ఆయన మాత్రలు ఆపేశాడు. ఆస్పత్రి వాళ్లు మళ్లీ రమ్మన్న తేదీకి వెళ్లలేదు. పత్తి అమ్మిన పైసలు చేతికి వచ్చిన రోజు సాయంత్రం తాగి పడిపోయాడు.

తాగినందుకు కాదు, నలుగురిలో అంత పెద్ద సాక్ష్యం చెప్పి తాగినందుకు ఆయన మందిరానికి రావడం మానేశాడు. నేను ఎదురైతే సందులోకి తిరిగిపోయేవాడు. దాదాపు రెండేళ్లు అట్లాగే గడిచాయి. ఆ వేదిక నేను కట్టిందే. అంత ఎత్తు మీద నిలబెట్టాను కాబట్టే పడ్డప్పుడు అంత దెబ్బ తగిలింది.

రెండో తప్పు ఇంకా పెద్దది. 2014లో ఆయన తనంతట తానే మానేస్తానని ఇంట్లో పడుకున్నాడు. ఒక్కరోజులోనే ఒళ్లంతా వణుకు, చెమటలు. రెండోరోజు ఫిట్స్ వచ్చాయి. మూడోరోజు రాత్రి గోడల మీద పురుగులు పాకుతున్నాయని, చనిపోయిన తల్లి వచ్చి పిలుస్తోందని అరిచాడు. నన్ను పిలిచారు. నేనూ ఇద్దరు పెద్దలూ వెళ్లి అది దురాత్మ అనుకుని గంటకు పైగా ప్రార్థన చేశాం. ఆయన ఒళ్లు కాలిపోతోంది, గుండె దడదడ కొట్టుకుంటోంది. అప్పుడు ఆ వాడలో ఉండే ఆశా కార్యకర్త వచ్చి, "అయ్యగారూ, ప్రార్థన బండిల చేయుండ్రి, ముందుగాల దవాఖానకు తీస్కపోదాం" అని 108కు ఫోన్ చేసింది. ఆ రాత్రి ఆమె రాకపోతే తెల్లారి నేను చేయాల్సింది సమాధి కార్యక్రమమే.

ప్రియులారా, నాకు ఆ రాత్రి తెలియనిది మీరు తెలుసుకోవాలి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఆరు గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేనివి కనిపించి, లేని మాటలు వినిపించవచ్చు. మత్తు మెదడును అణచిపెడుతుంటే, ఆ అణచివేతకు ఎదురు నిలబడడానికి మెదడు ఏళ్లపాటు గట్టిగా నెట్టడం నేర్చుకుంటుంది. మత్తు తీసేసినా ఆ నెట్టుడు వెంటనే ఆగదు. వణుకు, ఫిట్స్, భ్రమలు దాని వల్లనే. డాక్టర్లు దీనికి మాత్రలతో మెల్లమెల్లగా దించుతారు. బి1 విటమిన్ సూది వేస్తారు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. అది ఆ మనిషి విశ్వాసం తక్కువై వచ్చింది కాదు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదని మన రాష్ట్రం రెండుసార్లు కళ్లారా చూసింది. 2015 సెప్టెంబరులో ప్రభుత్వం కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు మన పక్కనున్న నిజామాబాద్‌తో పాటు మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జనం ఫిట్స్‌తో, పిచ్చిచూపులతో ఆస్పత్రులకు పరుగెత్తారు. కల్లులో క్లోరల్ హైడ్రేట్, ఆల్ప్రజోలం, డైజెపామ్ లాంటివి కలుపుతారు. అవి నిద్రమాత్రల జాతి మందులు. "కల్లే గదా, మందు కాదు గదా" అనుకునే ఆడవాళ్లు, ముసలివాళ్లు కూడా అందులో చిక్కుకున్నారు. రెండోసారి 2020 లాక్‌డౌన్‌లో వైన్స్‌లన్నీ ఒక్కసారిగా మూసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యాలయానికి అటువంటి వాళ్లే వరుస కట్టారు. కాబట్టి ఎవరైనా మానాలనుకుంటే దేవునికి స్తోత్రం చెప్పండి, తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కల్లు తాగే అలవాటుంటే అదీ దాచకుండా చెప్పండి.

ఇప్పుడు మన చెల్లెలి ప్రశ్నకు వస్తాను. ఆస్పత్రి నుంచి వచ్చాక ఏమవుతుంది? ఒక నెలకు కాదు, అయిదేళ్లకు, పదేళ్లకు?

నా అనుభవంతో పాటు ఈ విషయం మీద జీవితమంతా పెట్టినవాళ్లు ఏం చూశారో కూడా వెతికి చదివాను. అమెరికాలో హార్వర్డ్‌కు చెందిన జార్జ్ వాయిలంట్ అనే మానసిక వైద్యుడు ఉండేవాడు. అక్కడ 1940 ప్రాంతంలో కుర్రవాళ్లుగా ఉన్నప్పుడే ఎంచుకున్న కొన్ని వందలమంది మగవాళ్లను ముసలితనం దాకా వెంబడించి చూసిన పరిశోధన ఒకటి ఉంది. ఆయన చాలా ఏళ్లు దాన్ని నడిపించాడు. తాగుడు గురించి తాను చూసినదంతా 1983లో పుస్తకంగా రాశాడు. తన ఆస్పత్రిలో చికిత్స పొందినవాళ్లను కూడా ఎనిమిదేళ్లు వెంబడించాడు. చూస్తే దాదాపు మూడో వంతు మంది మానేసి గట్టిగా నిలబడ్డారు. ఇంచుమించు అంతేమంది చనిపోయారు. నిలబడ్డవాళ్లలో కూడా ఎక్కువమంది మధ్యలో పడి లేచినవాళ్లే. ఈ లెక్క చూసి ఆయన తన చికిత్స గురించి గొప్పలు చెప్పుకోలేదు. ఉన్నది ఉన్నట్టు రాశాడు. నేను క్రిస్మస్ వేదిక మీద చూపించని నిజాయితీ అది.

అయితే ఆయనే ఇంకో మాట కూడా రాశాడు. ఒక మనిషి అయిదేళ్లు పూర్తిగా తాగకుండా ఉండగలిగితే ఆ తర్వాత మళ్లీ పడడం అరుదు. నెలలు కాదు, ఒక ఏడాది కూడా కాదు, అయిదేళ్లు. మామిడి మొక్క నాటి మొదటి వానకే కాయ కోసం చూసేవాణ్ని ఏమంటాం? 21 రోజుల చికిత్స మొక్క నాటడం మాత్రమే.

2000 సంవత్సరంలో మరికొందరు వైద్యులు ఇంకో సంగతి ఎత్తి చూపించారు. మత్తుకు బానిసైనవాళ్లు చికిత్స తర్వాత మళ్లీ పడిపోవడం, బీపీ, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్లకు జబ్బు మళ్లీ తిరగబెట్టడం ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయని. మన సంఘంలో షుగర్ ఉన్న పెద్దమ్మలు ఎంతమంది! దసరాకు తీపి తిని షుగర్ పెరిగితే "నీ విశ్వాసం పోయింది" అని ఎవరమైనా అంటామా? "మాత్ర ఆపినవా పెద్దమ్మా? డాక్టరు దగ్గరికి పోదాం పా" అంటాం. మరి తాగుడు మానిన తమ్ముడు పడితే మన నోటికి వేరే మాట ఎందుకు వస్తుంది? తాగుడు పాపం కాదని నేను అనడం లేదు. అది ఇళ్లు కూల్చే పాపమే. అది జబ్బు కూడా. పాపానికి క్షమాపణ ఒక్క క్షణంలో దొరుకుతుంది. జబ్బు నయం కావడానికి ఏళ్లు పడుతుంది. ఈ రెండింటినీ నేను కలిపేశాను. అదే నా పొరపాటు.

బేత్సయిదాలో ప్రభువు గుడ్డివాణ్ని బాగుచేసిన సంగతి చదవండి. మొదటిసారి ముట్టినప్పుడు వానికి మనుషులు నడిచే చెట్లలాగా కనిపించారు. ప్రభువు మళ్లీ చేతులుంచాడు. అప్పుడు అన్నీ తేటగా కనిపించాయి. ప్రభువుకు మొదటిసారే శక్తి చాలలేదా? అట్లా అనలేం. కొన్ని స్వస్థతలు మెట్టుమెట్టుగా జరుగుతాయని, మధ్యలో మసకగా కనిపించినంత మాత్రాన ఆయన చేయి తీసేయడని ఆ మాట మనకోసం రాసి ఉంది. ఇంకొకటి గమనించండి. ఆయన వాని చేయి పట్టుకుని ఊరి బయటికి తీసుకెళ్లి ముట్టాడు. బాగయ్యాక ఊళ్లోకి పోవద్దని చెప్పి ఇంటికి పంపాడు. నేను ఊరంతా పిలిచి వేదిక ఎక్కించాను.

ఇక లూకా సువార్తలో ఊడ్చిపెట్టిన ఇంటి సంగతి. అపవిత్రాత్మ ఒక మనిషిని విడిచిపోతుంది. తిరిగొచ్చి చూస్తే ఇల్లు ఊడ్చి, అమర్చి ఉంటుంది. అది వెళ్లి తనకంటే చెడ్డ ఆత్మలను ఏడింటిని వెంటబెట్టుకొస్తుంది. ఆ మనిషి కడపటి స్థితి మొదటిదానికంటే చెడ్డదవుతుంది. ఆ ఇల్లు ఊడ్చడంలో లోపం లేదు. లోపల కాపురం ఉండేవాళ్లు లేకపోవడమే లోపం. ఆస్పత్రి ఇల్లు ఊడ్చి ఇస్తుంది, బాగా ఊడుస్తుంది. ఆ ఇంట్లో దీపం పెట్టి, పొయ్యి వెలిగించి, మనుషులు తిరిగేలా చేయడం ఆస్పత్రి పని కాదు. అది కుటుంబం పని, సంఘం పని. అన్నిటికంటే ముందు ఆ ఇంట్లో ఉండాల్సినవాడు క్రీస్తు.

ఆ హార్వర్డ్ వైద్యుడు పాస్టరు కాదు. అయినా ఏళ్ల తరబడి మానినవాళ్ల జీవితాల్లో ఆయనకు కనిపించిన నాలుగు సంగతులు చదివి ఆశ్చర్యపోయాను. ఒకటి, తాగుడు ఉన్న చోట పెట్టుకున్న మరో అలవాటు. రెండు, తాగితే ఏమవుతుందో రోజూ గుర్తుచేసే కాపలా. మూడు, పాత గాయాలు లేని కొత్త ప్రేమ, కొత్త స్నేహం. నాలుగు, ఆశ పుట్టించే ఒక సహవాసం, ఒక విశ్వాసం. అమెరికాలో 1935లో బిల్ విల్సన్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుగా కూర్చోవడంతో మొదలైన ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో ఈ నాలుగూ ఉన్నాయని ఆయన రాశాడు. మన దేశంలో కూడా అటువంటి పని ఉంది. భర్తను తాగుడు వల్ల పోగొట్టుకున్న శాంతి రంగనాథన్ గారు 1980లో చెన్నైలో చికిత్సా సంస్థ మొదలుపెట్టారు. అక్కడ తాగేవానితో పాటు ఇంటివాళ్లకూ నేర్పిస్తారు. తమిళనాడు పల్లెల్లోకే వెళ్లి శిబిరాలు పెట్టారు. మనిషి మళ్లీ బతకాల్సింది తన ఊళ్లోనే కదా.

మన సహోదరునికి ఈ నాలుగూ ఎట్లా దొరికాయో చెప్తాను. ఇవి నేను తెలిసి చేసినవి కావు. ప్రభువు ఒక్కొక్కటిగా చేయించాడు.

ఆస్పత్రి నుంచి రెండోసారి వచ్చాక ఆయన భార్య రోజూ పొద్దున మాత్ర, నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడేది. ఆయన తనంతట తాను అడిగి, డాక్టరు పరీక్షలు చేసి రాసిన మాత్ర అది. అది వేసుకున్నాక తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ వస్తాయి. ఇద్దరూ చిన్న ప్రార్థన చేసేవాళ్లు, ఆయన మింగేవాడు. చెల్లెళ్లారా, ఇక్కడ ఒక హెచ్చరిక. ఆ మాత్రను ఆయనకు తెలియకుండా కూరలో, చాయ్‌లో కలపకండి. తెలియక తాగితే ప్రాణానికే ముప్పు. పైగా మోసంతో మాన్పించిన తాగుడు ఎక్కువ రోజులు నిలవదు. ఏ మాత్ర ఎవరికి సరిపోతుందో డాక్టరే చెప్పాలి.

సాయంత్రం ఆరు గంటలు ఆయనకు అన్నిటికంటే కష్టమైన సమయం. ఆ వేళకు చాయ్ పెట్టుకుని, మందిరం వెనక ఉన్న జాగాలో కూరగాయల మడులకు నీళ్లు పట్టేవాడు. నేను కూడా వెళ్లేవాణ్ని. బోధించలేదు. టమాటలకు పురుగు పట్టిందని, కడెం నీళ్లు వదిలారా లేదా అని మాట్లాడుకునేవాళ్లం. నా పరిచర్య మొత్తంలో నేను తక్కువ మాట్లాడి ఎక్కువ మేలు చేసిన చోటు అదే.

తర్వాత ప్రభు బల్ల దగ్గర ఒక సంగతి జరిగింది. ఆయన వరసగా మూడు నెలలు రొట్టె తీసుకుని పాత్రను పక్కవానికి అందించేశాడు. ఒక పెద్ద దాన్ని గమనించి, ఏదో రహస్య పాపం ఉందని నాతో అన్నాడు. ఒకరాత్రి ఆయనే వచ్చి చెప్పాడు: "వాసనే సాలయ్యగారూ. రెండు దినాలు నిద్ర పట్టది." అప్పట్లో మేం పులిసిన ద్రాక్షారసం కొంచెం కలిపేవాళ్లం. ఆ వారం నుంచి ఎండుద్రాక్ష నానబెట్టి మరిగించిన రసమే వాడుతున్నాం. ఒకరిద్దరు పెద్దలు ఒక్క మనిషి కోసం ఆచారం మారుస్తారా అని అడిగారు. రోమా పత్రిక 14:21 తీసి చూపించాను. సహోదరునికి అడ్డం కలిగించే ద్రాక్షారసం సంగతి పౌలు మనకంటే ముందే మాట్లాడాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

అయినా 2015 వేసవిలో ఆయన మళ్లీ పడ్డాడు. తండ్రి చనిపోయాడు. దినాల నాడు బంధువులు గ్లాసు చేతిలో పెట్టి, "గింత తాగకపోతే సచ్చినోడి ఆత్మ ఊకుంటదా?" అన్నారు. తొమ్మిది రోజులు తాగాడు. ఈసారి నేను సాక్ష్యం ఎటుపోయిందని అడగలేదు. పదోరోజు పొద్దున వాళ్లింటికి వెళ్లి గుమ్మం దగ్గర కూర్చున్నాను. ఆయన లోపలి నుంచి "మొఖం సూపియ్య సాతగాదు" అన్నాడు. "నేను మొఖం సూడ రాలే తమ్ముడూ, దవాఖానకు తోడు రావడానికి వచ్చిన" అన్నాను. ఇద్దరం బస్సెక్కాం. ఆరోజు నుంచి ఇప్పటిదాకా పదేళ్లు. ఆయన తాగలేదు.

2020లో లాక్‌డౌన్ మొదలైన వారంలో పక్కవాడలో ఒకాయన ఫిట్స్‌తో పడిపోతే జనం చేతిలో తాళాలగుత్తి పెట్టారు. మన సహోదరుడు చూసిన వెంటనే "గిది మందు ఆపిన ఫిట్స్" అని చెప్పి 108కు ఫోన్ చేశాడు. పాస్టరుకు తెలియని సంగతి ఆయనకు తెలుసు. మే 6న వైన్స్‌లు తెరిచిన రోజు ఊరంతా వరుస కడితే ఆయన పొద్దున్నే నా ఇంటికి వచ్చి సాయంత్రం దాకా వరండాలో మక్కలు ఒలిచాడు. ఇద్దరం ఆ సంగతి ఎత్తలేదు. నా దృష్టిలో అదే పెద్ద సాక్ష్యం. మైకు లేదు.

పదేళ్లయ్యాక అంతా పూర్వంలాగా అయిందా అని అడిగితే, కాలేదు. కాళ్ల తిమ్మిరి పోలేదు. కుదవపెట్టిన బంగారం తిరిగి రాలేదు. కొడుకు గల్ఫ్‌లో ఉంటాడు, ఏళ్ల తరబడి తల్లితోనే ఫోనులో మాట్లాడాడు. తండ్రి మానేసిన ఏడో ఏట ఒకరోజు, "అవ్వా, ఫోను బాపుకియ్యి" అన్నాడట. ఇద్దరూ వానల గురించి రెండు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆ సాయంత్రం ఆయన మడుల దగ్గర నీళ్లు పట్టుకుంటూ ఏడ్చాడు.

ఆయన భార్య నాతో అన్న మాట నేను మరచిపోలేను. "ఆయన తాగుడు మానిండు గని అయ్యగారూ, నా చెవి ఇంక మానలే. రాత్రి గేటు సప్పుడైతే అడుగు ఎట్ల పడుతుందో ఇంటనే ఉంట." మానిన భర్తను నమ్మడం లేదని ఆ చెల్లెలిని ఎవరూ తప్పుపట్టకండి. ఆమెకూ స్వస్థత కావాలి, దానికీ ఏళ్లు పడుతుంది. మనం ఆయన కోసం ఉపవాస ప్రార్థనలు పెట్టాం. ఆమె ఎట్లా నిద్రపోతోందని ఎవరం అడగలేదు.

అందరి కథా ఇట్లా ముగియలేదు. ఇంకొక సహోదరుణ్ని నేనే సమాధి చేశాను. ఆయనకూ చికిత్స జరిగింది, ఆయన కోసమూ ప్రార్థించాం, ఆయన భార్య కూడా ఏడ్చింది. ఎందుకు ఒకరు నిలబడ్డారు, ఒకరు పోయారు అని నన్ను అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆయన విశ్వాసం తక్కువదని మాత్రం నేను అనను. ఆయన ప్రభువును ప్రేమించాడు.

మన దేశంలో తాగుడుకు బానిసైనవాళ్లలో 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సహాయం అందిందని 2019లో వచ్చిన జాతీయ సర్వే చెప్పింది. మన తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో నూటికి 43 మంది తాగుతారని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉంది. అంటే మనం ఆదివారం కూర్చునే ఏ వరసలోనూ ఈ బాధ లేని ఇల్లు దొరకడం కష్టం. కాబట్టి సంఘంగా మనం కొన్ని పనులు చేద్దాం.

మానేసిన మనిషిని తొందరపడి వేదిక ఎక్కించం. సేన దయ్యం పట్టిన మనిషిని ప్రభువు ముందు తన ఇంటివాళ్ల దగ్గరికి పంపాడు (మార్కు 5:19). ముందు ఇల్లు సాక్ష్యం చెప్పనివ్వండి. డాక్టరు ఇచ్చిన మాత్ర ఆపమని పాస్టరుగానీ, పెద్దగానీ, ప్రార్థనకు వచ్చే అతిథిగానీ ఎవరూ చెప్పకూడదు. మన ఇళ్లలో పెళ్లికీ, దినాలకూ మందు పెట్టం. పెట్టే బంధువుల ఇంటికి వెళ్లాల్సి వస్తే మానిన తమ్ముణ్ని ఒంటరిగా పంపం, ఒకరం తోడు వెళ్దాం. పత్తి, వడ్లు, సోయా పైసలు వచ్చే రోజుల్లో ఆ ఇళ్లకు వెళ్లి పలకరిద్దాం. పడితే, లేచేదాకా దగ్గర కూర్చుందాం. వణుకు, ఫిట్స్, మతి తప్పడం కనిపిస్తే 108కు ఫోన్ చేసి బండిలో ప్రార్థిద్దాం. మాట్లాడేవాళ్లు కావాలంటే టెలి మానస్ 14416, మత్తు మానడానికి సలహా కావాలంటే 14446. రెండూ ప్రభుత్వానివే. ఈ నంబర్లు మందిరం గోడ మీద రాయిస్తున్నాం.

నిన్న సాయంత్రం ఆ చెల్లెలి ఇంటికి వెళ్లాను. పదేళ్లుగా తాగని మన సహోదరుణ్ని కూడా వెంట తీసుకెళ్లాను. ఆమె మళ్లీ అదే ప్రశ్న అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన అన్నాడు: "ఇయ్యాల మంచిగున్నడు చెల్లె. రేపు ఆరు గంటలకు నా మడుల కాడికి తోలియ్యి." ఆమె భర్త తలెత్తి ఆయన వైపు చూశాడు. నేను చెప్పాలనుకున్న దానికంటే అది మంచి జవాబు. చెల్లె, నీ ప్రశ్నకు నా జవాబు కూడా అదే. మంచి కావడం మొదలైంది. అయిదేళ్లు మేం నీతో నడుస్తాం. ఆ తర్వాత కూడా నడుస్తాం.

ప్రార్థన: కనికరం గల తండ్రీ, ఊడ్చిపెట్టిన ఇళ్లను నీ సన్నిధితో నింపుము. మసకగా చూస్తున్న కళ్ల మీద మరల నీ చేయి ఉంచుము. రాత్రి గేటు చప్పుడు వింటూ మెలకువగా ఉన్న మా అక్కచెల్లెళ్లకు నిద్ర దయచేయుము. తొందరపడి మాట్లాడిన నా నోటిని క్షమించుము. పడిన సహోదరుని గుమ్మం దగ్గర కూర్చునే ఓపికను మా సంఘానికి నేర్పుము. యేసు నామంలో అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ కాపరి, మీ సహోదరుడు